పెరటమ్మ పొగ

చక్కెర ఊళ్ళో పుట్టానని చెబితే చాలు, వినేవాళ్ళ మొహాలు తియ్యగా అయిపోతాయి. "అబ్బ, ఎంత బావుండేదో కదండీ" అంటారు. అలాంటివాళ్ళని తీసుకెళ్ళి మా ఊరి మిల్లు వెనక ఓ గంట నిలబెట్టాలని నాకు ఎప్పటినుంచో కోరిక. చెరకు మడ్డి పులిసి, కాలవ నీళ్ళలో కలిసి, ఎండకి ఉడికి లేచే ఆ కంపు ఒకసారి ముక్కుకి పట్టిందంటే జన్మలో కాఫీలో పంచదార వేసుకోరు. నేను వేసుకోను. డాక్టరు వద్దన్నాడని మా కోడలు అందరికీ చెబుతుంది. డాక్టరు మొహం, నేను పదేళ్ళప్పుడే మానేశాను. ఇక కోతల కాలంలో అయితే గడ నరకడానికి ముందు తోటలకి నిప్పు పెట్టి ఆకు కాల్చేవారు. ఆ మసి రేకులు రేకులుగా ఎగిరొచ్చి ఊరంతా పడేది. తాడు మీద ఆరేసిన తెల్ల చీరని చేత్తో దులిపామా, నల్లటి చార పడి ఎన్ని ఉతుకులు ఉతికినా పోయేది కాదు. ఊదాలి గానీ దులపకూడదు. మా ఊళ్ళో ఆడపిల్లకి ఊహ తెలిశాక నేర్పే మొదటి విద్య అదే.

ఇదంతా ఇప్పుడు ఎందుకు తవ్వుతున్నానంటే, ఒక పొగ వల్ల. నేనిప్పుడు దోహాలో, ఐన్ ఖాలిద్‌లో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. ఎత్తు గోడ లోపల పన్నెండు ఇళ్ళ కాంపౌండు మాది. ఎక్కువమంది మనవాళ్ళే, ఇంజనీర్లు, అకౌంటెంట్లు. మా పక్కింట్లో మాత్రం థాండేకా అని దక్షిణాఫ్రికా అమ్మాయి ఉంది. జూలూ మనిషి. ఇక్కడ ఓ స్కూల్లో లెక్కలు చెబుతుంది. ముప్ఫై అయిదేళ్ళుంటాయి, ఒక్కతే ఉంటుంది. మొన్న వేసవి ముందు ఒక శుక్రవారం పొద్దున్న పెరటి తలుపు తీసి కరివేపాకు కుండీకి నీళ్ళు పోస్తున్నాను. గోడ అవతలి నుంచి సన్నగా పొగ వచ్చింది. ఎండుగడ్డి వాసన, దాని మీద కాస్త తేనె, అడుగున కషాయం. నా చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. అరవై ఏళ్ళ కిందట మా మామ్మ కొంగులో ఉండేది ఆ వాసన. ఏడాదిగా థాండేకా నాకు పక్కింటి మనిషి. నన్ను గోగో అంటుంది, అంటే వాళ్ళ భాషలో మామ్మ. మీది ఏ ఊరని ఆ అమ్మాయి అడిగిన మొదటిరోజున నేను అనకాపల్లి అన్నాను. అబద్ధం కాదు. నిజమూ కాదు.

మా ఊరు ఆఫ్రికా ఖండం కింది కొసన, నటాల్ తీరంలో, డర్బన్‌కి ఉత్తరంగా ఉంటుంది. దానికి రెండు పేర్లు. ఒకటి తెల్లదొర ఒకాయన పేరు, దాన్ని నా కాపీ పుస్తకాల మీద రాసింది చాలు, ఇక్కడ రాయను. రెండోది జూలూ వాళ్ళది, దుకుజా. తప్పిపోయిన మనిషి చోటు అని దానికి అర్థం చెబుతారు. జూలూ రాజు అక్కడ రాజధాని కట్టినప్పుడు గుడిసెలు వరసల వెనక వరసలుగా ఎన్ని ఉండేవంటే, కొత్తవాడు లోపలికి వెళ్తే బయటికి దారి దొరికేది కాదట. ఆ రాజుని సొంతవాళ్ళే పొడిచి చంపి ధాన్యం పాతరలో పూడ్చిపెట్టారు. ఆ తరవాత తెల్లవాళ్ళు వచ్చి తాడు పట్టి నాలుగు తిన్నని వీధులు గీశారు, కనుచూపు మేర చెరకు నాటారు, అక్కడ అంతకు ముందు ఏమీ లేదన్నట్టు పుస్తకాలు రాసుకున్నారు. మాకు స్కూల్లో ఆ పుస్తకాలే చెప్పారు. రాజు సమాధి రాయి మాత్రం ఊరి నడిమధ్యనే ఉండేది. మేం స్కూలు నుంచి వస్తూ చెరకు లారీల నుంచి లాగిన గడలు ఆ రాతి గట్టు మీద కూచుని నమిలి, పిప్పి అక్కడే ఉమ్మేవాళ్ళం. ఒక ముసలాయన రోజూ వచ్చి, టోపీ తీసి కింద పెట్టి, ఆ పిప్పి ఏరి పారేసేవాడు. మమ్మల్ని ఒక్క మాట అనలేదు. ఇప్పుడు ఊరికి జూలూ పేరే తిరిగి పెట్టారు, బోర్డులు మార్చారు. అక్కడున్న మా చుట్టాలు ఫోన్లో ఇప్పటికీ ఆ దొర పేరే అంటారు. తెల్లవాడు మరిచిపోయినా మనవాళ్ళు మరవరు.

మనవాళ్ళ సంగతి తలుచుకుంటే నాకు నవ్వూ ఒళ్ళుమంటా ఒక్కసారే వస్తాయి. విశాఖ, శ్రీకాకుళం వైపు తిండి పుట్టక, గిర్మిట్ అనే కూలి ఒప్పందం కాగితం మీద వేలిముద్ర వేసి ఓడెక్కిన జనం. ఓడలో అందరూ ఒక్క డేగిశాలో గంజే తాగారు. దిగాక తోటల పక్కన రేకుల బ్యారక్‌లలో ఒక్కో గదిలో రెండేసి కుటుంబాలు పడుకున్నాయి. కడుపులో ఇంత పడిందో లేదో గొప్పలు మొదలయ్యాయి. నా చిన్నప్పటికి మా వీధిలో కూలివాడి మనవడన్నవాడు ఒక్కడు లేడు. అందరి తాతలూ భూస్వాములే, కరణాలే. ఏదో సరదాగా ఓడ చూద్దామని ఎక్కి చెరకు తోటలో దిగారు. తాతగారి ఊరి పేరు అడిగితే తెలీదు గానీ ఆ ఇంటి ముందు ఏనుగు కట్టేసి ఉండేదని మాత్రం తెలుసు. జూలూ వాళ్ళని మేం పిలిచే మాట ఒకటుంది, అది నా నోట ఇక రాదు. మా పిల్లల్ని ఎత్తుకునేది వాళ్ళు, మా గిన్నెలు తోమేది వాళ్ళు, మా ఇళ్ళకి ఇటుక మోసింది వాళ్ళు. వాళ్ళకి టీ మాత్రం పాత రేకు డబ్బాలో. తెల్లవాళ్ళు తమ క్లబ్బు గుమ్మం దగ్గర మమ్మల్ని ఆపేస్తున్నారని మా పెద్దలు సభలు పెట్టి కంఠాలు చించుకునేవారు. ఇంటికొచ్చి ఆ రేకు డబ్బా వేరే మేకుకి తగిలించేవారు. గురివింద గింజ తన నలుపు ఎరగదని ఊరికే అనలేదు.

మా తాతయ్య మిల్లు మేనేజరు బంగళాలో వంటవాడు. ఇంట్లో నోరు తెరిస్తే దొరగారి కబుర్లే. దొరకి గుడ్డు ఎంతసేపు ఉడకాలి, దొరసానికి ఏ పువ్వు వాసన పడదు, వాళ్ళ కుక్క డ్యూక్ ఏ వారం ఏం తింటుంది. డ్యూక్‌కి ఆదివారం మేక కార్జం. ఆ కుక్క చచ్చిపోయిన రోజున తాతయ్య రెండు పూటలు అన్నం ముట్టలేదని మా ఇంట్లో ఓ ఘనకార్యంలా చెప్పుకునేవారు. దొరగారు దయతలిచి ఇచ్చిన దాని ఫోటో చట్రం కట్టించి, ముందు గదిలో దేవుడి పటాల కింద వేలాడదీశారు. పక్కన తాతయ్య తండ్రి ఫోటో ఏదీ లేదు, తల్లి ఫోటో అసలే లేదు. అడిగితే ఆ రోజుల్లో ఫోటోలెక్కడివే అనేవారు. కుక్కకి దొరికింది మరి.

ఆ ఇంట్లో మనిషిలా బతికింది మా మామ్మ ఒక్కతే. తెల్లవారుజామున మిల్లు కూత వెయ్యగానే లేచేది. బొగ్గుల పొయ్యి రాజేసి, మొక్కజొన్న రవ్వ పొడిపొడిగా వండి, సొరబుర్రలో తోడుపెట్టిన పుల్లటి పాలు దాని మీద పోసి మాకు పెట్టేది. అది జూలూ వాళ్ళ తిండి. బయట మాత్రం ఉప్మా తిన్నామని చెప్పమనేది మా అమ్మ. మామ్మ బొడ్లో ఎప్పుడూ ముక్కుపొడుం డబ్బీ ఉండేది. శనివారం దీపాలు పెట్టేవేళకి వంటింటి వెనక, అరటి బోదెల పక్కన ఉన్న రాయి దగ్గరికి వెళ్ళేది. మోకాలెత్తు రాయి, దానికి పసుపూ కుంకుమా. దాని ముందు అరటాకు వేసి, కాస్త మొక్కజొన్న ముద్ద, కాస్త పుల్లపాలు, ఓ చిటికెడు ముక్కుపొడుం పెట్టేది. అప్పుడు రేకు మూత మీద ఎండు ఆకు పుల్లలు వెలిగించి ఊదేది. బూడిదరంగు ఆకులు, కాగితంలాంటి పసుప్పచ్చ పువ్వులు. ఇంపెపో అంటారు దాన్ని, కొండల మీద దొరుకుతుంది. పొగ లేవగానే మామ్మ నేల మీద కాళ్ళు చాపుకుని కూచుని, రాయితో జూలూలో మెల్లగా మాట్లాడేది. ఇంటి సంగతులు చెప్పేది, ఎవరికి జ్వరమొచ్చింది, ఏ కోడి గుడ్లు పెట్టడం మానేసింది. దేవతతో జూలూలో మాట్లాడటమేమిటని నాకు ఒక్కసారీ అనిపించలేదు. తన ఇంట్లో జరిగేదే లోకమంతా జరుగుతుందని ఏ పిల్లయినా అనుకుంటుంది.

"మామ్మా, ఈవిడెవరే?" అని ఒకసారి అడిగాను.

"పెరటమ్మే గుంటా. ఇల్లు కాసే తల్లి" అంది.

మరిడమ్మ, నూకాలమ్మ లాగా పెరటమ్మ కూడా మనవాళ్ళు ఓడలో తెచ్చుకున్న దేవత కాబోలనుకున్నాను. నేనొక్కదాన్నే కాదు, మా వీధి వీధంతా అలాగే అనుకునేది. పెళ్ళిళ్ళకి ముందు పక్కింటివాళ్ళు కూడా వచ్చి ఆ రాయికి పసుపు రాసి వెళ్ళేవారు.

నాకు పదకొండేళ్ళప్పుడు ఇండియా నుంచి ఒక పంతులుగారు వచ్చారు. మా ఊరి తెలుగు సంఘం వాళ్ళు పిలిపించారు, పిల్లలకి అక్షరాలూ పద్యాలూ నేర్పడానికి. మనిషి పచ్చగా, నున్నగా, నడుస్తుంటే నేలకి ఉపకారం చేస్తున్నట్టుండేవాడు. మా ఊరి తెలుగు వింటే ఆయనకి చెవుల్లో సీసం పోసినట్టుండేదట. ఆయన దగ్గర నేనే మొదటిదాన్ని. బాగా చదివిన పిల్లని ఒకతెను పెద్దయ్యాక ఇండియా పంపి చదివిస్తామని సంఘం వాళ్ళు అన్నారు. ఆ పిల్ల ఇంటి ఆచారం ఎలాంటిదో చూడాలని పంతులుగారు మా ఇంటికి వచ్చారు. ఆ రోజు శనివారమని మా నాన్న చూసుకోలేదు. జంపఖానా పరిచారు, ఇత్తడి గ్లాసులు తోమారు, రేకు డబ్బా దాచారు. నేను పద్యం చదువుతున్నాను. వెనక నుంచి పొగ వచ్చింది.

పంతులుగారు ముక్కు ఎగబీల్చారు. "ఏమిటిది? ఆ అడవి మనుషుల గుడిసెల దగ్గర వచ్చే వాసనలా ఉందే?"

నాన్న గ్లాసులోకి చూస్తున్నాడు. అమ్మ కొంగు సర్దుకుంటోంది. నాకు ఇండియా కళ్ళ ముందే జారిపోతున్నట్టు అనిపించింది.

"దోమలకండీ. పనిమనిషి పొగ వేస్తోందండీ" అన్నాను.

"ఉచ్చారణ చక్కగా ఉందమ్మా నీది" అన్నారు ఆయన. నేను తల తిప్పేసరికి మామ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. వేళ్ళకి ఇంకా ముక్కుపొడుం అంటుకునే ఉంది. ఆవిడ నన్ను చూసి, పంతులుగారికి దణ్ణం పెట్టి వెనక్కి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్న నన్ను రాయి దగ్గరికి పిలిచి కూచోబెట్టింది. "నిన్న ఏటన్నావే?" అని అడిగింది. నేను రాయి మీది పసుపు గోటితో గీకుతూ కూచున్నాను.

"నన్ను పనిమనిసన్నా నాకేటీ లేదు. నాను పనే సేసినాను. ఆవిడి పొగ దోమలకన్నావు సూడు. ఈవిడెవులనుకున్నావే గుంటా? దేవత కాదు. మీ తాతకి కన్నతల్లి. జూలూ మనిసి."

అప్పుడు చెప్పింది. మా ముత్తాత తోటలో గడ నరుకుతూ ఉండగా ఈవిడ పరిచయమైంది. కొడుకు పుట్టిన మూడో ఏటే ముత్తాత జ్వరంతో పోయాడు. పిల్లవాణ్ణి వీపున కట్టుకుని అదే తోటలో గడ నరికి పెంచింది. ఆ కొడుకు బంగళాలో వంటవాడయ్యాక, ఇటుకల ఇల్లు కట్టాక, పెళ్ళి సంబంధాలు వచ్చేటప్పుడు తల్లికి పెరట్లో గుడిసె వేశారు. గడప లోపలికి రానివ్వలేదు. మామ్మ పురుళ్ళన్నీ ఆవిడే పోసింది, మా నాన్నతో సహా. పిల్లల్ని కడిగి గుమ్మం దాకా తెచ్చి ఇచ్చి మళ్ళీ గుడిసెలోకి వెళ్ళేది. అక్కడే పోయింది.

"ఏరు దాటి తెప్ప తగలేసినారు మీవోళ్ళు" అంది మామ్మ. "నాను కోడల్ని, నానేటి అనగలను? పోయినాక ఓ రాయి పెట్టినాను. దేవతంటే ఎవులూ తన్నరు కదా అని పసుపు రాసినాను."

ఇంత విన్నాక నేనన్న మాట ఏమిటో రాయకపోతే ఈ కాగితాలన్నీ దండగ. "ఎవరికీ చెప్పకు మామ్మా, నన్ను ఇండియా పంపిస్తామన్నారు" అన్నాను. మామ్మ కోప్పడలేదు. లేచి చీర దులుపుకుంది. మరుసటి శనివారం రాయి దగ్గరికి వెళ్ళలేదు. ఆ తరవాత ఎప్పుడూ వెళ్ళలేదు. నేను పెద్దయ్యి ఓడెక్కేనాటికి రాయి చుట్టూ గడ్డి మొలిచింది.

ఇండియా వచ్చి నేను ఉద్ధరించిందేమిటంటే, విశాఖలో చదివి, అనకాపల్లిలో తెలుగు టీచర్నయ్యాను. చెరకు ఊరు వదిలి బెల్లం ఊరికి చేరానన్నమాట. నలభై ఏళ్ళపాటు పిల్లల చేత సత్యం పలకడం మీద వ్యాసాలు రాయించి, ఎర్ర సిరాతో మార్కులు వేశాను. మా ఆయన మంచిమనిషి, ఆయనకీ చెప్పలేదు. ఆయన పోయారు. మా అబ్బాయికీ చెప్పలేదు. మామ్మ పోయిన కబురు ఉత్తరంలో వచ్చినప్పుడు బళ్ళో పరీక్షలు జరుగుతున్నాయి. ఉత్తరం మడిచి సంచిలో పెట్టుకుని హాల్లో కాపలా కాశాను.

ఇక్కడి పొగ సంగతికి వస్తాను. ఈ దేశంలో పొగకేమీ కొదవ లేదు. ఏ మాల్‌కి వెళ్ళినా గుమ్మంలోనే ఊద్ ధూపం. మా కాంపౌండు పెద్దమనిషి ప్రసాదరావు గారు, గుంటూరు వైపు ఆయన, అక్కడ ఆగి తీర్థం తీసుకున్నట్టు రెండు చేతులతో ఆ పొగ మీదకి తోసుకుంటారు. ఇంట్లో సాంబ్రాణి, పూజగదిలో కట్టల కట్టల అగరువత్తులు. అవన్నీ దైవికం. పక్కింటి నల్లమ్మాయి పెరట్లో నాలుగు పుల్లలు వెలిగిస్తే మాత్రం గంజాయి. రెండు శుక్రవారాలు వాట్సాప్ గ్రూపులో గుసగుస నడిచింది. మూడో శుక్రవారం పొద్దున్న మా పెరటి తలుపు దగ్గరికి రాజన్న వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి. కాంపౌండులో కరెంటూ నీళ్ళూ చూస్తాడు, ఎక్కడో క్యాంప్‌లో ఎనిమిదిమందితో ఒక గదిలో ఉంటాడు. మా ముత్తాత బ్యారక్‌కీ దానికీ ఉన్న తేడా ఏసీ ఒక్కటే.

"అమ్మా, ప్రసాదరావు సారు కాయితం రాసిండు" అన్నాడు. "పక్కింటి మేడం గంజ తాగుతదని. ఆమె ఇస్కూలుకు, గీ ఇండ్ల ఓనరుకు పంపుతడట. నన్ను సాక్షం సంతకం పెట్టుమంటుండు."

"నువ్వు చూశావా రాజన్నా?"

"నేనేడ సూసిన? పొగ వస్తుందన్నది నిజమే. గని గంజ వాసన నాకెరక లేదా? గది గంజ కాదు. గిసువంటి మాట ఈ దేశంల పుట్టిందంటే ఆమె నౌకరి మాఫీ, ఇంటికి తోలుడే. నేను పెట్టకుంటే నా డ్యూటీ తీపిస్త అంటుండు. ఏం జెయ్యాలె చెప్పుండ్రి."

సంతకం పెట్టకు అన్నాను. నాకేం, చెప్పడం ఎంత తేలిక. లోపలికి వచ్చి మా కోడలు మాధవికి మొదటిసారి అంతా చెప్పాను, పెరటమ్మతో సహా. మాధవి హైదరాబాదులో పెరిగిన పిల్ల, చదువుకున్నది, మంచిది కూడా. గరిటె చేతిలో పట్టుకుని విన్నది.

"అది గంజాయి కాదని చెప్పండి అత్తయ్యా, తప్పకుండా చెప్పాలి" అంది. "కానీ మీ ముత్తవ్వ సంగతి వాళ్ళకెందుకు? రేపు మన పిల్లల్ని ఏమేం అంటారో మీకు తెలుసు. చిన్నప్పుడు మీ ఇంట్లో పనిమనిషి వేసేదని చెప్పండి. సరిపోతుంది."

అరవై ఏళ్ళ తరవాత అదే మాట, అక్షరం పొల్లు పోకుండా. ఆ పిల్లకి ఎవరు నేర్పారు? ఎవరూ నేర్పనక్కర్లేదు, మనవాళ్ళ నాలిక మీద అది సిద్ధంగా ఉంటుంది. నేను చెప్పులు వేసుకుని బయటికి నడిచాను. మాధవి వెనకాలే వచ్చింది.

కారు షెడ్డు కింద కాంపౌండువాళ్ళు ఏడెనిమిదిమంది సంతకాలకి చేరారు. రాజన్న ఓ పక్కగా నిలబడి ఉన్నాడు. ప్రసాదరావు గారు నన్ను చూడగానే కుర్చీ జరిపారు. "రండమ్మగారూ, మీరు పెద్దవారు, టీచరుగారు. మీ సంతకం ముందు ఉంటే నిండుగా ఉంటుందండి."

"దేనికండీ?"

"పిల్లలున్న చోట మత్తుమందు పొగండి. వీళ్ళ సంగతి మీకు తెలీదండి."

"తెలుసు. నేను వాళ్ళ పిల్లనే" అన్నాను. ఆయన నవ్వబోయి ఆగారు. "అది గంజాయి కాదు. పోయిన పెద్దలకి వేసే ధూపం. మీరు తద్దినం నాడు పిండం పెడతారు, వాళ్ళు పొగ వేస్తారు. మా ఇంట్లో వారం వారం వేసేవారు. వేసింది పనిమనిషి కాదు, మా మామ్మ. వేసింది మా తాతయ్య తల్లికి. ఆవిడ జూలూ. చెరకు నరికి మమ్మల్ని మనుషుల్ని చేసింది. ఆ కాగితం పంపితే మా ఇంటి నంబరు కూడా రాసి పంపండి. వచ్చే వారం నుంచి నేనూ వేస్తాను."

ప్రసాదరావు గారు నా జుట్టు కేసి, ముక్కు కేసి చూశారు. ఏడాదిగా ఆ మొహం కనబడనట్టు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "అబ్బే, మాకేం తెలుసండి, ఏదో పిల్లల కోసమని" అన్నారు. రాజన్న తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "యల్లా సార్, నేను పోతున్న. ఏషియన్ టౌన్ బస్సు టైమయింది" అని గేటు కేసి నడిచాడు. ఆ నడక చూసి నాకు కొంచెం నవ్వు వచ్చింది.

కాగితం వెళ్ళలేదు. రాజన్న డ్యూటీ పోలేదు. కానీ ఆ సాయంత్రమే ప్రసాదరావు గారి భార్య నా స్టీలు గిన్నె తిప్పి పంపింది. అంతకు ముందు వారం ఆవకాయ పెట్టి ఇచ్చిన గిన్నె. తళతళలాడేలా తోమి, ఖాళీగా. ఇరుగుపొరుగు గిన్నె ఖాళీగా పంపకూడదని, ఏమీ లేకపోతే చిటికెడు పంచదారైనా వేసి పంపాలని తెలియని ఇల్లు కాదు. పోనీ, ఆ పంచదార ఎలాగూ నేను తినను. మా అబ్బాయి మాత్రం రెండు రోజులు నాతో ముభావంగా ఉండి, మూడో రోజు వచ్చి పక్కన కూచుని, "నాకెందుకు చెప్పలేదమ్మా" అని ఒక్కటే అడిగాడు.

తరవాతి శుక్రవారం థాండేకా మా పెరటి తలుపు తట్టింది. రాజన్న చెప్పాడట. చేతిలో ఎండు ఇంపెపో కట్ట. "ఏడాది నుంచి నా పక్కన ఉండి అనకాపల్లి అన్నారు కదా గోగో" అంది. కోపమొచ్చినట్టే ఉంది. తిట్టమని అన్నాను. తిట్టలేదు. మాధవి అల్ అజీజియా బజారు నుంచి తెచ్చిన మొక్కజొన్న రవ్వ పొద్దున్నే వండి ఉంచాను, పెరుగు పులియబెట్టాను. ముక్కుపొడుం ఎక్కడ దొరుకుతుందో తెలీలేదు, అది లేకుండానే కానిచ్చాం. కరివేపాకు కుండీ పక్కన అరటాకు వేశాం. మాధవి గుమ్మంలో నిలబడి చూస్తోంది. థాండేకా పుల్లలు వెలిగించి, ఊది, రేకు మూత నా ముందుకి జరిపింది.

"ఇప్పుడు పిలవండి గోగో" అంది.

"ఎలా?"

"పేరు పెట్టి. వంశం పేరూ, ఆవిడ పేరూ. పేరు పెట్టి పిలవకపోతే ఎవరింటి పొగో ఆవిడకి ఎలా తెలుస్తుంది?"

నేను నోరు తెరిచాను. మామ్మ చెప్పిన రోజున ఆ పేరు నేను అడగలేదు. నాకు ఇండియా కావాలి గానీ పేరెందుకు? మామ్మ పోయిన కబురు వచ్చాక అడగడానికి ఎవరూ మిగల్లేదు. మొన్న ఊళ్ళో ఉన్న మా పినతండ్రి కొడుక్కి ఫోన్ చేస్తే, పెరటమ్మంటే అమ్మవారు కదా అక్కా, అన్నాడు. ముత్తాత పేరు తెలుసు. మిల్లు మేనేజరు పేరు తెలుసు, దొరసానికి పడని పువ్వు పేరు తెలుసు.

పొగ గోడ ఎత్తుకి లేచింది. థాండేకా తల వంచుకుని, నా గొంతు కోసం కాచుకుని ఉంది. నా నాలిక మీదకి వచ్చిన పేరు ఒక్కటే. డ్యూక్.